సేవ్ చేయనిది దొరుకుతోంది, డిలీట్ చేసింది దొరకడం లేదు: ఫైల్ రికవరీ లెక్క ఎలా తిరగబడింది?

కంప్యూటర్ గురించి మన దగ్గర చాలాకాలంగా రెండు మాటలు చెలామణీలో ఉన్నాయి. ఒకటి, "సేవ్ చేయకపోతే ఇక అంతే సంగతులు". రెండోది, "డిలీట్ అయినా ఫరవాలేదు, ఏదో ఒక సాఫ్ట్‌వేర్ వేసి తీసుకురావచ్చు". పదిహేనేళ్ళ కిందట ఈ రెండూ చాలావరకు నిజమే. ఇప్పుడు రెండూ దాదాపు తలకిందులయ్యాయి. సేవ్ చేయకుండా మూసేసిన ఫైల్ చాలాసార్లు చెక్కుచెదరకుండా దొరుకుతోంది. చేజేతులా డిలీట్ చేసిన ఫైల్ మాత్రం, రీసైకిల్ బిన్ దాటిపోయిందంటే, కొత్త ల్యాప్‌టాప్‌లో నిమిషాల్లోనే అందకుండా పోతోంది.

ఈ తికమక ఇప్పుడే పెరగడానికి కారణాలున్నాయి. విండోస్‌లోని వర్డ్‌లో కొత్త డాక్యుమెంట్ తెరిస్తే, మనం పేరు పెట్టకముందే అది క్లౌడ్‌లో దానంతటదే సేవ్ అయ్యేలా మారుస్తున్నామని 2025 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. దాన్ని ముందుగా తన ఇన్‌సైడర్ ప్రోగ్రాంలో, అంటే కొత్త మార్పులను అందరికంటే ముందు వాడి చూసే బృందంలో, ఉన్నవాళ్ళకు ఇచ్చింది. అదే ఏడాది అక్టోబరు 14న విండోస్ 10కి మామూలు సపోర్ట్ ముగిసింది. హార్డ్ డిస్క్ ఉన్న పాత సిస్టమ్‌లు వదిలి, తిరిగే పళ్ళేల బదులు మెమరీ చిప్‌ల మీద రాసే ఎస్‌ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్‌లకు మారక తప్పని పరిస్థితి చాలామందికి వచ్చింది. పాత సిస్టమ్‌లో పనిచేసిన ఉపాయం కొత్తదాంట్లో ఎందుకు పనిచేయదో అర్థం కావాలంటే, అసలు "ఫైల్ పోయింది" అన్నప్పుడు ఏది పోయిందో చూడాలి. సేవ్ కాకుండా పోవడం, పాతదాని మీద కొత్తది సేవ్ కావడం, డిలీట్ కావడం, ఫైల్ ఉన్నా తెరుచుకోకపోవడం. ఈ నాలుగూ వేర్వేరు నష్టాలు. ఒకదానికి పనికొచ్చే మందు ఇంకోదానికి పనికిరాదు.

పలక మీద రాత, నోటుపుస్తకంలో రాత

మనం టైప్ చేసే అక్షరం ముందు ర్యామ్‌లోకి వెళ్తుంది. ర్యామ్‌ని పలక అనుకోండి. వేగంగా రాయొచ్చు, చెరపొచ్చు, కానీ కరెంటు పోయిందంటే పలక తుడిచేసినట్టే. హార్డ్ డిస్క్, ఎస్‌ఎస్‌డీ నోటుపుస్తకాలు. కరెంటు ఉన్నా లేకపోయినా రాసింది రాసినట్టు ఉంటుంది. సేవ్ చేయడమంటే పలక మీదిది నోటుపుస్తకంలోకి ఎక్కించడం.

తెనాలిలో ఒక డీటీపీ సెంటర్‌లో ఒకాయన టైప్ చేస్తుంటే ఒకసారి పక్కన కూర్చుని చూశాను. ప్రతి వాక్యం చివర ఆయన ఎడమచెయ్యి దానంతటదే కంట్రోల్-ఎస్ మీదికి వెళ్తోంది. ఆయనకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు. వేళాపాళా లేకుండా కరెంటు పోయిన రోజులు ఆ చేతికి నేర్పిన అలవాటు అది. ఆయన వాడే పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌కు మాత్రం అప్పట్లోనే ఒక మంచి గుణం ఉండేది. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్ళినా, కొత్త పేజీ చేర్చినా లోపల చడీచప్పుడు లేకుండా ఒక చిన్న సేవ్ చేసుకునేది. షిఫ్ట్ నొక్కి పట్టి ఫైల్ మెనూలో రివర్ట్ కొడితే ఆ చిన్న సేవ్ దగ్గరికి తీసుకెళ్ళేది. ఏళ్ళ తరబడి దాని మీద పనిచేసినవాళ్ళలో కూడా ఈ సంగతి తెలియనివాళ్ళు నాకు తారసపడ్డారు.

అదే ఆలోచన తర్వాత వర్డ్‌లో ఆటోరికవర్ అయింది. మనం చెప్పినా చెప్పకపోయినా, నిర్ణీత సమయానికోసారి పలక మీదిదాన్ని ఒక చిత్తు కాగితం మీదికి ఎక్కించి దాచడమే దాని పని. వర్డ్‌లో ఆ వ్యవధి, మనం మార్చకపోతే, 10 నిమిషాలు.

7 గంటలకు మొదలైన ఒక పని

ఒక ఉదాహరణ తీసుకుందాం. సాయంత్రం 7:00కి వర్డ్ తెరిచి రాయడం మొదలుపెట్టారు. 7:15కి పేరు పెట్టి సేవ్ చేశారు. తర్వాత రాతలో పడి సేవ్ సంగతే మర్చిపోయారు. 7:47కి కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది.

ఇప్పుడు డిస్కులో రెండు నకళ్ళున్నాయి. ఒకటి 7:15 నాటి అసలు ఫైల్. రెండోది ఆటోరికవర్ దాచిన చిత్తు. లెక్క 7:00 నుంచి మొదలైందనుకుంటే అది చివరగా రాసుకున్నది 7:40కి. అంటే నిజంగా పోయింది 32 నిమిషాల పని కాదు, 7 నిమిషాల పని. మళ్ళీ వర్డ్ తెరవగానే ఎడమపక్కన ఒక పట్టీలో ఈ రెండూ కనిపిస్తాయి, పక్కన టైములతో సహా. టెన్షన్‌లో ఆ పట్టీని సరిగా చూడకుండా మూసేసి, డెస్క్‌టాప్ మీదున్న 7:15 నాటి ఫైల్‌ని తెరిచి "అరగంట పని పోయింది" అని తలపట్టుకునేవాళ్ళు చాలామంది. పోయిందనుకున్నది ఆ క్షణంలో పక్కనే ఉంటుంది.

ఇదే కథను కొంచెం మారుద్దాం. కరెంటు పోలేదు. రెండు గంటలు రాసి, ఒక్కసారి కూడా సేవ్ చేయకుండా, మూసేటప్పుడు "డోంట్ సేవ్" నొక్కేశారు. ఇక్కడ కంప్యూటర్ తప్పేమీ లేదు, మనమే వద్దన్నాం. అయినా వర్డ్ చివరి చిత్తును అన్‌సేవ్డ్ ఫైల్స్ అనే ఫోల్డర్‌లో పెట్టి 4 రోజులు ఉంచుతుంది. ఫైల్ మెనూ, ఇన్ఫో, మేనేజ్ డాక్యుమెంట్ దగ్గర "రికవర్ అన్‌సేవ్డ్ డాక్యుమెంట్స్" అని కనిపించేది ఆ ఫోల్డర్‌కు దారే. అది యాప్‌డేటా అనే దాచిన ఫోల్డర్ లోపల ఉండటంతో మామూలుగా వెతికితే కంటపడదు. నాలుగో రోజు దాటాక గుర్తొస్తే మాత్రం కష్టం.

ఇంకో మార్పు. ఫైల్ తెరిచి 6 నిమిషాలే అయింది, అంతలో సిస్టమ్ ఆగిపోయింది. అప్పటికి ఆటోరికవర్ వంతు రాలేదు. చిత్తు లేదు, అసలు ఫైల్ లేదు. ఏ సాఫ్ట్‌వేర్ వేసినా ఏమీ దొరకదు, ఎందుకంటే ఆ అక్షరాలు డిస్కు ముఖం చూడనే లేదు. రికవరీ అంటే పోయినదాన్ని మళ్ళీ పుట్టించడం కాదు, ఎవరో ముందే దాచిన నకలును వెతికి పట్టుకోవడం. నకలే లేనప్పుడు వెతకడానికేమీ లేదు.

అందుకే పేర్లు దగ్గరగా ఉన్నా ఆటోరికవర్ వేరు, ఆటోసేవ్ వేరు అని గుర్తుంచుకోవాలి. ఆటోరికవర్ చిత్తు కాగితం. మనం మామూలుగా సేవ్ చేసి మూసేస్తే పని అయిపోయిందనుకుని ఆ చిత్తును చింపేస్తుంది. ఆటోసేవ్ అసలు ఫైల్‌లోనే కొన్ని క్షణాలకోసారి రాస్తుంది. కానీ ఆ ఫైల్ వన్‌డ్రైవ్ లాంటి మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో ఉండాలి. గూగుల్ డాక్స్‌లో అసలు సేవ్ బటనే లేదు, టైప్ చేస్తుండగానే సర్వర్‌కు చేరిపోతుంది. వర్డ్ లాంటి పనికే ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్‌కూ తన ఆటోరికవరీ ఉంది. విండోస్ 11లో చివరికి నోట్‌ప్యాడ్ కూడా 2023 నుంచి సేవ్ చేయని ట్యాబ్‌లను గుర్తుపెట్టుకుంటోంది. మొదట్లో అన్నాను కదా, సేవ్ చేయనిది దొరుకుతోందని. అది ఇన్ని వైపుల నుంచి జరిగింది.

సేవ్ కావడమే ప్రమాదమైనప్పుడు

మన ఆఫీసుల్లో కొత్త కాగితం ఎలా తయారవుతుందో చూడండి. పాతదాన్ని తెరుస్తారు, పేర్లూ తేదీలూ మారుస్తారు, ప్రింట్ తీస్తారు. పెద్దబ్బాయి శుభలేఖ తెరిచి చిన్నబ్బాయి పేరు పెడతారు. కిందటేడు అగ్రిమెంట్ తెరిచి ఈ ఏటి అద్దె వేస్తారు. "సేవ్ యాజ్" కొట్టాల్సిన చోట "సేవ్" కొడితే పాతది పోతుంది.

ఆటోసేవ్ ఉన్నప్పుడు ఈ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఏమీ నొక్కకుండానే పాత ఫైల్ మారిపోతుంది. కొత్త ఫైళ్ళను క్లౌడ్‌కు పంపాలన్న మైక్రోసాఫ్ట్ నిర్ణయం మీద జరుగుతున్న వాదనలో ఇదొక భాగం. సమర్థించేవాళ్ళు చెప్పేది బలమైన మాటే. కరెంటు పోయినా, ల్యాప్‌టాప్ కిందపడి పగిలినా, రాసింది రాసినట్టు ఉంటుంది. పైగా వెర్షన్ హిస్టరీ ఉంటుంది కాబట్టి నిన్నటి రూపానికి వెనక్కి వెళ్ళొచ్చు. వ్యతిరేకించేవాళ్ళదీ తీసిపారేయాల్సిన మాట కాదు. లాయరు తన క్లయింటు వివరాలో, డాక్టరు పేషెంటు రిపోర్టో రాస్తున్నప్పుడు అది ఎవరి సర్వర్‌కు వెళ్తోందో ముందు తనకు తెలియాలి, తాను ఒప్పుకోవాలి. ఈ సెట్టింగును ఆపుకోవచ్చు, సేవ్ అయ్యే చోటు మార్చుకోవచ్చు అని మైక్రోసాఫ్ట్ చెబుతోంది. కానీ ఎక్కువమంది సెట్టింగుల జోలికే వెళ్ళరు. నా మటుకు, కరెంటునీ పాత ల్యాప్‌టాప్‌నీ నమ్ముకుని రాసేవాళ్ళకు ఆటోసేవ్ వల్ల మేలే ఎక్కువ. పాత ఫైల్‌ని అచ్చుగా పెట్టుకుని కొత్తది చేసేవాళ్ళు మాత్రం వెర్షన్ హిస్టరీ ఎక్కడుందో తెలుసుకోకుండా దాన్ని నమ్ముకోకూడదు.

క్లౌడ్‌లో లేని ఫైల్ మీద పొరపాటున సేవ్ చేస్తే దారులేవీ ఉండవా? కొన్ని ఉంటాయి. వర్డ్ సేవ్ చేసే తీరులో ఒక విశేషముంది. అది పాత ఫైల్ మీదే నేరుగా రాయదు. కొత్తదాన్ని ఒక తాత్కాలిక ఫైల్‌గా రాసి, అది పూర్తయ్యాక పాతదాన్ని తప్పించి, దాని పేరు దీనికి పెడుతుంది. అంటే మనకు "చెరిగిపోయి కొత్తది వచ్చింది" అనిపించినా, డిస్కు లెక్కలో జరిగింది పాత ఫైల్ డిలీట్ కావడమే. అందుకే హార్డ్ డిస్క్ ఉన్న సిస్టమ్‌లో రికవరీ సాఫ్ట్‌వేర్‌కు ఒక్కోసారి పెద్దబ్బాయి శుభలేఖ దొరుకుతుంది. విండోస్‌లో ఫైళ్ళ పాత రూపాలను వేరే డ్రైవ్‌లో దాచే ఫైల్ హిస్టరీ ముందే ఆన్ చేసి ఉంటే అది ఇంకా సులువు. అదీ లేకపోతే ప్రెస్సుకు మెయిల్ చేసిన పీడీఎఫ్, వాట్సాప్‌లో అన్నయ్యకు చూపించడానికి పంపిన కాపీ. నా అనుభవంలో ఎక్కువ ఫైళ్ళు దొరికింది ఇలాంటి చోట్లే.

అడంగల్‌లో పేరు కొట్టేస్తే పొలం మాయమవుతుందా?

ఇక డిలీట్ సంగతి. రీసైకిల్ బిన్‌లో ఉన్నంతసేపు ఫైల్ డిలీట్ కాలేదు, చోటు మారింది, అంతే. షిఫ్ట్-డిలీట్ కొట్టినా, బిన్ ఖాళీ చేసినా, పెన్‌డ్రైవ్ మీద డిలీట్ చేసినా అసలు కథ మొదలవుతుంది. పెన్‌డ్రైవ్ నుంచి తీసేసింది మామూలుగా బిన్‌లోకి రాదు. ఈ ఒక్క విషయం తెలియక మోసపోయినవాళ్ళు ఎందరో.

డిస్కును ఒక ఊరి పొలాలనుకోండి. ఏ సర్వే నంబరు ఎవరి పేరు మీద ఉందో అడంగల్‌లో, తెలంగాణలో అయితే పహాణీలో, రాసి ఉంటుంది. విండోస్ డిస్కుల్లో ఆ రిజిస్టర్‌ను ఎంఎఫ్‌టీ అంటారు. ఫైల్ పేరు, తేదీ, దాని ముక్కలు డిస్కులో ఎక్కడెక్కడున్నాయి, అన్నీ దాంట్లో ఉంటాయి. ఫైల్‌ని డిలీట్ చేస్తే విండోస్ పొలం జోలికి వెళ్ళదు. రిజిస్టర్‌లో "ఈ ఖాతా ఇక వాడకంలో లేదు" అని ఒక గుర్తు పెట్టి, ఆ పొలాన్ని ఖాళీ భూముల జాబితాలో చేరుస్తుంది. పొలంలో పంట అలాగే ఉంటుంది, ఇంకొకరు వచ్చి దున్నేదాకా.

అందుకే డిలీట్ అయిన వెంటనే ఆ డిస్కు మీద ఇంకేమీ రాయకూడదని అంటారు. రికవరీ సాఫ్ట్‌వేర్‌నే ఆ డ్రైవ్‌లో ఇన్‌స్టాల్ చేస్తే, పోయిన పంటను వెతకడానికి వెళ్ళినవాడే ట్రాక్టర్‌తో పొలం తొక్కించినట్టు. మైక్రోసాఫ్ట్ 2020లో ఉచితంగా ఇచ్చిన విండోస్ ఫైల్ రికవరీ కూడా దొరికిన ఫైల్‌ని వేరే డ్రైవ్‌లోకే తీయమంటుంది.

కొంచెం లోతుకు వెళ్దాం. విండోస్ డిస్కుల్లో పొలం మామూలుగా 4 కేబీ ముక్కలుగా ఉంటుంది. 2 ఎంబీ డాక్యుమెంట్ అంటే 512 ముక్కలు. వాటిలో 3 ముక్కల మీద వేరే ఫైల్ వచ్చి పడిందనుకుందాం. మామూలు టెక్స్ట్ ఫైల్ అయితే పోయింది ఆ 12 కేబీ మాత్రమే, మిగతాదంతా చదువుకోవచ్చు. కానీ ఇప్పటి వర్డ్ ఫైల్ నిజానికి ఒక జిప్ మూట. లోపల రాత ఒక ఫైల్‌గా, ఫోటోలు విడివిడిగా, అన్నీ కుదించి కట్టి ఉంటాయి. కుదించిన రాతలో మధ్య ముక్క పోతే ఆ తర్వాతి భాగం కూడా విప్పడం కష్టమవుతుంది. మూటలో ఏమేం ఉన్నాయో చెప్పే జాబితా ఫైల్ చివర ఉంటుంది. ఆ చివరి ముక్క పోతే అంతా ఉన్నా వర్డ్ "ఫైల్ పాడైంది" అంటుంది. అలాంటప్పుడు జిప్‌గా విప్పి చూస్తే ఫోటోలు క్షేమంగా ఉండి రాత పోవడమో, రాత ఉండి ఫోటోలు పోవడమో జరుగుతుంది. నూటికి నూరు రావడానికీ, అసలు రాకపోవడానికీ మధ్య ఇన్ని మెట్లున్నాయి.

రిజిస్టరే పోతే? క్విక్ ఫార్మాట్‌లో జరిగేది అదే, పుస్తకం కొత్తది పెడతారు, పొలాలు అలాగే ఉంటాయి. ఫుల్ ఫార్మాట్ వేరు, విండోస్ విస్టా నుంచి అది డిస్కంతా సున్నాలు రాసేస్తుంది. రిజిస్టర్ లేనప్పుడు ఫోటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ పొలాలన్నీ ఒక్కొక్కటిగా నడిచి, పంటను చూసి గుర్తుపడుతుంది. ప్రతి రకం ఫైల్‌కూ మొదట్లో ఒక గుర్తు ఉంటుంది. జేపెగ్ ఫోటోకు ఒకటి, పీడీఎఫ్‌కు ఒకటి, జిప్‌కు ఒకటి. గుర్తు కనబడ్డ చోట నుంచి తవ్వి తీస్తుంది. ఇక్కడ చెల్లించాల్సిన మూల్యం ఫైల్ పేరు. అది రిజిస్టర్‌లో ఉండేది, రిజిస్టర్ లేదు. ఒక ఇంగ్లిష్ అక్షరం, దాని వెనక కొన్ని అంకెలు, అలాంటి పేర్లతో వందలు, వేల ఫైళ్ళు వచ్చి పడతాయి. అందులో మనది ఏదో ఒక్కొక్కటీ తెరిచి చూసుకోవాల్సిందే.

పేరు కొట్టేయగానే దున్నేసే ఎస్‌ఎస్‌డీ

పైన చెప్పిందంతా హార్డ్ డిస్క్‌కీ, చాలావరకు పెన్‌డ్రైవ్‌కీ వర్తిస్తుంది. ఎస్‌ఎస్‌డీ దగ్గర లెక్క మారిపోయింది.

ఎస్‌ఎస్‌డీలోని ఫ్లాష్ మెమరీకి ఒక పరిమితి ఉంది. రాసినదాని మీద మళ్ళీ నేరుగా రాయలేదు. ముందు చెరపాలి, తర్వాతే రాయాలి. చెరపడం కూడా చిన్న చిన్న ముక్కలుగా కుదరదు, పెద్ద గుంపు మొత్తాన్నీ ఒకేసారి చెరపాలి. రాయాల్సి వచ్చినప్పుడల్లా చెరుపుతూ కూర్చుంటే వేగం పడిపోతుంది. అందుకే ట్రిమ్ అనే ఏర్పాటు వచ్చింది. ఫైల్ డిలీట్ కాగానే విండోస్ ఎస్‌ఎస్‌డీకి కబురు పంపుతుంది: ఈ చోట్లతో ఇక పనిలేదు. ఎస్‌ఎస్‌డీ తీరిక చూసుకుని వాటిని చెరిపేస్తుంది. 2009లో వచ్చిన విండోస్ 7 నుంచి ఇది ఉంది. అడంగల్‌లో పేరు కొట్టేసిన మరుక్షణం ఎవరూ అడగకుండానే పొలం దున్ని చదును చేసే మనిషిని పెట్టుకున్నట్టు. ట్రిమ్ అయిన చోటును చదవమంటే చాలా డ్రైవ్‌లు సున్నాలే ఇస్తాయి.

దీన్ని లోపమని అనలేం. ట్రిమ్ లేకపోతే డ్రైవ్ మందగిస్తుంది, తొందరగా అరిగిపోతుంది. వేగానికీ ఆయుష్షుకూ మనం ఇచ్చిన ధర ఇది. ఆ ధర ఇస్తున్నట్టు కొనేటప్పుడు ఎవరూ చెప్పలేదు, అదే బాధ. పాత సిస్టమ్‌లో ఒకసారి రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ఫోటోలన్నీ తెచ్చుకున్నవాళ్ళు అదే ధీమాతో కొత్త ల్యాప్‌టాప్‌లో షిఫ్ట్-డిలీట్ కొడుతున్నారు.

దీనికి తోడు ఎన్‌క్రిప్షన్, అంటే తాళంచెవి లాంటి కీ లేకుండా ఎవరూ చదవలేని రూపంలోకి డేటాను మార్చడం. విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్కు దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. దొంగ చేతిలో పడితే ఇది మంచి రక్షణ. కానీ మదర్‌బోర్డు పోయి, డిస్కు తీసి ఇంకో సిస్టమ్‌కు పెట్టాల్సి వస్తే 48 అంకెల రికవరీ కీ కావాలి. అది మామూలుగా ఆ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే ఉంటుంది. ల్యాప్‌టాప్ కొన్న రోజు షాపతను ఏదో మెయిల్ ఐడీ సృష్టించి లాగిన్ చేసి ఇచ్చి, ఆ పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేకపోతే, డిస్కు నిక్షేపంలా ఉన్నా దాంట్లోది ఎవరూ చదవలేరు.

ల్యాబ్‌కు ఇస్తే ఏదైనా వస్తుందా?

"పోలీసులు తీస్తారు కదా, అలాంటి ల్యాబ్‌లో వస్తుంది" అని ధైర్యం చెప్పేవాళ్ళుంటారు. ఈ నమ్మకానికి ఒక చరిత్ర ఉంది. 1996లో న్యూజిలాండ్ శాస్త్రవేత్త పీటర్ గట్‌మన్ ఒక పరిశోధనపత్రంలో, మీద ఇంకోటి రాసినా అడుగున పాత డేటా అయస్కాంత జాడలు మిగలవచ్చని చెప్పి, 35 సార్లు తిరగరాసే పద్ధతిని వివరించారు. అది అప్పటి రకరకాల డిస్కులన్నింటికీ కలిపి వేసిన లెక్క. తర్వాత డిస్కులు ఎంతో చిక్కగా రాయడం మొదలయ్యాక ఆ జాడల మాట పోయింది. గట్‌మన్ కూడా ఆ 35ని మంత్రంలా పట్టుకోవద్దని తర్వాత రాశారు. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ, ఇప్పటి హార్డ్ డిస్కుల్లో ఒక్కసారి తిరగరాస్తే ల్యాబ్ పద్ధతులతోనైనా తీయడం సాధారణంగా కుదరదని అంటోంది. దున్నేసిన పొలంలో పంటను ల్యాబ్ కూడా తేలేదు.

ల్యాబ్ నిజంగా పనికొచ్చేది వేరే చోట. డేటా ఉంది, చేరుకునే దారి మూసుకుపోయింది. హార్డ్ డిస్క్ టక్ టక్ మంటోంది, కిందపడింది, తడిసింది. అలాంటప్పుడు దుమ్ము లేని గదిలో విప్పి భాగాలు మార్చి చదువుతారు. టక్ టక్ మనే డిస్కును ఇంట్లో మళ్ళీ మళ్ళీ ఆన్ చేస్తే లోపలి పళ్ళేల మీద గీతలు పడి, ల్యాబ్‌కు దొరకాల్సింది కూడా దొరకకుండా పోతుంది.

క్లౌడ్‌లో ఉన్నంత మాత్రాన నకలున్నట్టేనా?

క్లౌడ్ ఫోల్డర్ చేసేది సింక్. ఇక్కడ మారింది అక్కడా మారుతుంది. ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుతుంది. అద్దంలో ప్రతిబింబాన్ని నకలనుకోలేం కదా. అయితే గూగుల్ డ్రైవ్, సొంత వాడకపు వన్‌డ్రైవ్ డిలీట్ చేసినదాన్ని 30 రోజులు ట్రాష్‌లో ఉంచుతాయి. ఆ గడువు వల్లే సింక్ కొంతవరకు బ్యాకప్ పని చేస్తుంది. 31వ రోజున చేయదు.

తప్పు ప్రతిసారీ వాడేవాళ్ళదే కాదు. 2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లనే తుడిచేయడంతో మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపాల్సి వచ్చింది. 2023 నవంబరులో గూగుల్ డ్రైవ్ డెస్క్‌టాప్ యాప్‌లో సమస్య వచ్చి కొందరి ఫైళ్ళు కనబడకుండా పోయాయి. 2017 మేలో వానాక్రై దాడిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని చిక్కుకున్నాయి. ఆ వైరస్ ఫైళ్ళకు తాళం వేయడమే కాకుండా విండోస్ దాచుకునే షాడో కాపీలను, అంటే పాత రూపాల నకళ్ళను, కూడా వెతికి చెరిపేసేది. అదే మిషన్‌లో ఉన్న నకలు అలాంటి రోజున అక్కరకు రాదు. విడిగా, తీగ తీసి పక్కన పెట్టిన డిస్కులో ఉన్నది మాత్రమే మిగులుతుంది.

తెలుగు పోయిందా, కనబడటం లేదా?

ఇంగ్లిష్ వాళ్ళకు లేని చిక్కు ఒకటి మనకుంది. రికవరీ అంతా సరిగా జరిగినా, ఫైల్ తెరవగానే తెలుగు ఉండాల్సిన చోట ఇంకేదో కనిపిస్తుంది. "పాడైపోయింది" అనుకుని దొరికిన ఫైల్‌నే డిలీట్ చేసినవాళ్ళను నేనెరుగుదును. నిజానికి కనిపించేది ఏమిటన్నదాన్ని బట్టి అది బతికుందో లేదో చెప్పొచ్చు.

"తెలుగు" అనే మాట తీసుకోండి. ప్రపంచ భాషల అక్షరాలన్నింటికీ ఒక్కో నంబరిచ్చే యూనికోడ్‌లో ఇది త, ఎత్వం, ల, ఉత్వం, గ, ఉత్వం. మొత్తం 6 కోడ్‌లు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ ఒక్కోటి 3 బైట్లు తీసుకుంటుంది కాబట్టి 18 బైట్లు. సాఫ్ట్‌వేర్ దీన్ని పాత ఇంగ్లిష్ పద్ధతిలో చదివితే, నెత్తిన గీత ఉన్న ఒక చిన్న ఇంగ్లిష్ అక్షరం మాటిమాటికీ వస్తూ, ఆరక్షరాల చోట పద్దెనిమిది దాకా పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. అది శుభసూచకం. బైట్లన్నీ ఉన్నాయి, చదివే పద్ధతి తప్పింది, అంతే. దాన్ని అలాగే సేవ్ చేయకుండా, తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్‌గా యూటీఎఫ్-8 ఎంచుకుంటే తెలుగు వచ్చేస్తుంది. ఫైల్ మధ్యలో ముక్క పోయినా ఫరవాలేదు. అక్షరం ఎక్కడ మొదలవుతుందో బైట్‌ను చూస్తే తెలిసేలా యూటీఎఫ్-8ను తయారుచేశారు కాబట్టి, తెగిన అంచు దగ్గర ఒకటి రెండు అక్షరాలు పోయి మిగతాది నిలుస్తుంది. వరుసగా చదరపు గళ్ళు కనిపిస్తే అది ఇంకా తేలిక, తెలుగు ఫాంట్ లేదంతే.

కనిపించకూడనివి ప్రశ్నార్థకాలు. పాత నోట్‌ప్యాడ్‌లో తెలుగు టైప్ చేసి ఆన్సీ అనే పాత పద్ధతిలో సేవ్ చేస్తే, ఆ పద్ధతిలో తెలుగుకు చోటు లేదు కాబట్టి ప్రతి కోడ్ బదులు ఒక ప్రశ్నార్థకం రాసేది. "తెలుగు" ఆరు ప్రశ్నార్థకాలయ్యేది, "మెరుపు" అన్నా అంతే. వాటి నుంచి వెనక్కి రావడానికి దారి లేదు, ఏ అక్షరం ఏ ప్రశ్నార్థకమైందో ఎక్కడా రాసి లేదు. 2019 మే విండోస్ 10 అప్‌డేట్ నుంచి నోట్‌ప్యాడ్ తనంతట తానే యూటీఎఫ్-8లో సేవ్ చేస్తోంది. అంతకుముందు పోయినవి పోయాయి.

మూడోది అను, శ్రీలిపి ఫాంట్ల లోకం. ఏళ్ళ తరబడి మన పుస్తకాలు, కరపత్రాలు, శుభలేఖలు వాటిలోనే తయారయ్యాయి. వాటిలో తెలుగు కోడ్‌లు ఉండవు. ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌ల మీదే తెలుగు బొమ్మలు పెట్టారు. ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లిష్ కనిపిస్తుంది, ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని తెలుగని గుర్తుపట్టదు.

మా నాన్నగారు ఇరవయ్యేళ్ళ కిందట తన ఊరి జ్ఞాపకాలు కొన్ని డీటీపీ చేయించుకున్నారు. ఆ హార్డ్ డిస్క్‌ని తర్వాత ఎవరో క్విక్ ఫార్మాట్ చేసి అటక మీద పడేశారు. ఈమధ్య దాన్ని దింపి ఫోటోరెక్ నడిపితే వర్డ్ ఫైళ్ళ గుట్ట ఒకటి బయటపడింది. తెరిస్తే అన్నీ పిచ్చి ఇంగ్లిష్. మా మేనల్లుడు వైరస్ అన్నాడు. ఒక ఫైల్‌లో పేరాల పొడవు, పద్యంలా విడిచిన నాలుగు లైన్లు చూసి నాకు అనుమానమొచ్చింది. అను ఫాంట్లు ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ తెరిచాను. మొదటి లైన్‌లోనే మా ఊరి చెరువు పేరు. కొన్ని ఒత్తులు ఎగిరిపోయాయి, వాటిని నాన్నగారు చేతిరాత ప్రతి పక్కన పెట్టుకుని ఒక్కొక్కటిగా దిద్దారు. ఫైల్ పేరు చోట మాత్రం ఇప్పటికీ ఫోటోరెక్ పెట్టిన అంకెలే ఉన్నాయి. అప్పట్లో దానికి ఏం పేరు పెట్టారో ఆయనకూ గుర్తులేదు.